వేగం సరే... నడుం మాటేమిటి?

మూడున్నర సెకన్లలో వంద దాటే సెడాన్లు మన రోడ్ల మీదికి వచ్చేశాయి. వాటిలో రోజూ ఆఫీసుకు వెళ్లిరావచ్చా? అమ్మానాన్నల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని ఊరెళ్లొచ్చా? హార్స్‌పవర్ లెక్కల్లో కనిపించని ఆ సంగతే ఈ వారం ముఖచిత్ర కథనం.

షోరూములో అడుగుపెట్టగానే చెవిన పడే మొదటి అంకె, సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లు అన్నది. రెండోది హార్స్‌పవర్. మూడోది ధర. అది మాత్రం కాస్త గొంతు తగ్గించి చెబుతారు. బీఎండబ్ల్యూ ఎం5నే తీసుకుంటే ఆ మూడూ ఇవి: 3.5 సెకన్లు, 727 హార్స్‌పవర్, 2024 నవంబరులో మన దేశంలో విడుదలైనప్పుడు షోరూం ధర 1.99 కోట్ల రూపాయలు. వింటుంటేనే ఒళ్లు పులకరిస్తుంది. కానీ పొద్దున తొమ్మిదింటికి అమీర్‌పేట నుంచి గచ్చిబౌలి బయల్దేరిన మనిషికి ఆ మూడున్నర సెకన్లు ఖర్చుపెట్టే చోటెక్కడుంది? సిగ్నల్ దగ్గర ఆగడం, పది అడుగులు కదలడం, మెట్రో పిల్లర్ పక్కన గుంతలో దిగడం, ఎక్కడం. రోజులో ఎక్కువ భాగం కారు చేసే పని అదే.

ఆ పని అది ఎలా చేస్తుందో ఏ బ్రోచర్లోనూ అంకె ఉండదు. ఆ తీర్పు ఇచ్చేది వెనక సీటు. కొత్త కారు కొన్న కొడుకు అమ్మను గుడికి తీసుకెళ్తాడు. కాలనీ మలుపులో రెండు స్పీడ్ బ్రేకర్లు దాటేసరికి వెనక నుంచి మాట వినిపిస్తుంది: “ఒరేయ్ నాన్నా, కాస్త మెల్లగా పోనీరా, నడుం పట్టేస్తోంది.” స్పీడోమీటరు చూస్తే పాతిక దాటలేదు. కోటి రూపాయల కారుకైనా పది లక్షల కారుకైనా ఇంతకంటే కచ్చితమైన రివ్యూ ఉండదు.

వేగం కావాలంటే సుఖం వదులుకోవాల్సిందేనని చాలామంది అనుకుంటారు. స్పోర్ట్స్ కారంటే గట్టిగా ఉండాలి, గట్టిగా ఉంటే కుదుపులు తప్పవు అని సర్దుకుంటారు. ఇందులో సగమే నిజం. ఈ జాతి కార్లు పుట్టిందే ఆ రెండింటినీ ఒకే బండిలో ఇమడ్చడానికి. ఆ పని ఎంత బాగా కుదిరిందన్నది ఇంజిన్ కంటే స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, టైర్లు, చివరికి మనం టిక్కు పెట్టే ఆప్షన్ల మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

ఊపుకీ ఓ లెక్కుంది

ఆగి ఉన్న కారు బానెట్‌ను గట్టిగా నొక్కి వదిలితే అది కాస్త ఊగి నిలబడుతుంది. షాక్‌లు అడ్డుకోకపోతే సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో దాన్నే ఇంజినీర్లు హెర్ట్జ్‌లలో చెబుతారు. మామూలు కుటుంబ కార్లలో ఇది ఒకటి నుంచి ఒకటిన్నర హెర్ట్జ్. నడిచేటప్పుడు మన ఒళ్లు సెకనుకు ఒకటిన్నర నుంచి రెండుసార్లు పైకీ కిందికీ కదులుతుంది. పుట్టినప్పటి నుంచి అలవాటైన ఆ లయకు దగ్గరగా ఉండే ఊపును ఒళ్లు పెద్దగా పట్టించుకోదు. స్పోర్ట్స్ కార్లలో ఈ లెక్క రెండు హెర్ట్జ్‌ల వైపు జరుగుతుంది. ఒకటి నుంచి రెండుకు పెంచాలంటే స్ప్రింగు రెండింతలు గట్టిపడితే చాలదు, నాలుగింతలు గట్టిపడాలి. స్పోర్ట్స్ కారు తేడా మొదటి గుంతలోనే తెలిసిపోవడానికి కారణం ఇదే.

కూర్చున్న మనిషిని పైకీ కిందికీ ఊపితే అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది నాలుగు నుంచి ఎనిమిది హెర్ట్జ్ మధ్య ఊపు. శరీరం మీద కంపనాల ప్రభావాన్ని లెక్కగట్టే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌వో 2631 కూడా ఈ పరిధికే ఎక్కువ ప్రాధాన్యం ఇస్తుంది. పొట్ట, ఛాతీ, వెన్ను ఆ లయకు తోడై మరింతగా కదులుతాయి. సిమెంటు హైవే మీద ‘టక్ టక్ టక్’ మంటూ సాగే ప్రయాణం గుర్తు తెచ్చుకోండి. ఆ రోడ్లలో పలకల మధ్య కోతలు సాధారణంగా నాలుగున్నర మీటర్లకొకటి ఉంటాయి. గంటకు 90 కిలోమీటర్లంటే సెకనుకు 25 మీటర్లు. అంటే సెకనుకు అయిదారు కోతలు దాటుతాం. సరిగ్గా ఒళ్లు తట్టుకోలేని పరిధిలోకి వచ్చిపడ్డామన్నమాట. కోతలు సరిగ్గా పూడ్చని రోడ్డు మీద గట్టి టైర్లున్న కారులో గంటసేపు వెళ్తే, ఒక్క గుంత కూడా తగలకపోయినా మనిషి అలసిపోయేది ఇందుకే.

ఈ లెక్కల్ని కారు తయారీలోకి తెచ్చినవాళ్లలో మారిస్ ఆలీ ముఖ్యుడు. రోల్స్ రాయిస్‌లో పనిచేసి 1930లో అమెరికాలోని క్యాడిలాక్‌కు వెళ్లిన ఇంజినీరాయన. ఒక లిమోజిన్‌కు ముందూ వెనకా బరువులు తగిలించి, వాటిని అటూ ఇటూ జరుపుతూ ఏ అమరికలో ప్రయాణం హాయిగా ఉందో పరీక్షించాడు. ముందు స్ప్రింగులు వెనకవాటికంటే మెత్తగా ఉండాలన్నది ఆయన తేల్చిన విషయం. గుంత ముందు చక్రాలకు తగిలిన కాసేపటికి గానీ వెనక చక్రాలకు తగలదు. మూడు మీటర్ల వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) ఉన్న కారు 36 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే ఆ ఎడం సెకనులో మూడో వంతుకు కాస్త తక్కువ. వెనక భాగం కొంచెం వడిగా ఊగితే ముందు భాగాన్ని అందుకుంటుంది, రెండూ కలిసి లేచి కలిసి దిగుతాయి. లేకపోతే ముందు దిగుతుంటే వెనక లేస్తుంది, లోపలివాళ్లు ముందుకీ వెనక్కీ ఊగుతారు. ఈ సూత్రాన్ని నేటికీ ఇంజినీర్లు పాటిస్తూనే ఉన్నారు.

బెంజి వేసిన బాట

వేగమూ విలాసమూ ఒకే సెడాన్‌లో అన్న ఆలోచనకు చిరునామా వెతికితే 1968 జెనీవా మోటార్ షో దగ్గర ఆగుతాం. అక్కడ మెర్సిడెస్ బెంజి 300 ఎస్‌ఈఎల్ 6.3 అనే కారును నిలబెట్టింది. చూడ్డానికి బ్యాంకు చైర్మన్ ఎక్కే పెద్దమనిషి బండి. బానెట్ కింద మాత్రం దేశాధినేతలు వాడే మెర్సిడెస్ 600 లిమోజిన్ నుంచి తెచ్చిన 6.3 లీటర్ల వీ8 ఇంజిన్. ఎరిక్ వాక్సెన్‌బెర్గర్ అనే ఇంజినీరు పట్టుబట్టి చేసిన ప్రయోగమది. 250 హార్స్‌పవర్, గంటకు 220 కిలోమీటర్ల వేగం, ఆరున్నర సెకన్లలో వంద. ఆ రోజుల్లో స్పోర్ట్స్ కార్లే తలవంచుకోవాల్సిన లెక్కలివి. అన్నిటికంటే ఆసక్తికరమైన సంగతి వేరే ఉంది. ఆ కారు నిలబడింది ఉక్కు స్ప్రింగుల మీద కాదు, గాలి తిత్తుల మీద. ఎయిర్ సస్పెన్షన్‌ను ఆ జాతి తొలితరం కారులోనే వాడారు. 1972 దాకా 6,526 కార్లు తయారయ్యాయి.

అదే కారును తీసుకుని రేసుకు దింపింది ఏఎంజీ. హాన్స్ వెర్నర్ ఆఫ్రెక్ట్, ఎర్హార్డ్ మెల్షర్ అనే ఇద్దరు మాజీ మెర్సిడెస్ ఇంజినీర్లు 1967లో పెట్టుకున్న చిన్న వర్క్‌షాపు అది. ఇంజిన్‌ను 6.8 లీటర్లకు పెంచి, ఎర్ర రంగు పూసి 1971లో బెల్జియంలోని స్పా 24 గంటల రేసుకు తీసుకెళ్లారు. చిన్నచిన్న రేసు కార్ల మధ్య భారీ సెడాన్‌ను చూసి నవ్వుకున్నవాళ్లంతా, అది మొత్తం మీద రెండో స్థానంలో వచ్చేసరికి నోళ్లు మూసుకున్నారు. నేడు బెంజి కార్ల వెనక కనిపించే ఏఎంజీ అక్షరాలకు అంత పేరు రావడానికి ఆ రేసే మొదలు.

బీఎండబ్ల్యూ జవాబు 1985లో ఆమ్‌స్టర్‌డామ్ మోటార్ షోలో వచ్చింది. ఎం1 అనే సూపర్ కారు కోసం పుట్టిన ఇంజిన్‌ను మెరుగుపరిచి అయిదో సిరీస్ సెడాన్‌లో కూర్చోబెట్టి, ఎం5 అని పేరు పెట్టారు. 286 హార్స్‌పవర్. పైకి చూస్తే డాక్టరు గారి కారు. ఎదురుగా వచ్చేవాడికి అది ఏ కారో తెలియకపోవడమే దాని అందం. 1990లో బెంజి 500ఈ వచ్చింది. దాని అభివృద్ధిలో పోర్షే చెయ్యి వేసింది, తయారీలో కొంత భాగం పోర్షే సొంత ఫ్యాక్టరీలోనే జరిగింది. అదే ఏడాది లోటస్ చేతిలో పడి వచ్చిన కార్ల్‌టన్ అనే కుటుంబ సెడాన్ 377 హార్స్‌పవర్‌తో గంటకు 280 కిలోమీటర్లు దాటి, ఇంత వేగం ఇంటికారుకెందుకని బ్రిటన్‌లో పెద్ద రగడే రేపింది.

మన దగ్గర ఈ మోజును కాస్త నేలకు దింపింది స్కోడా. 2004లో వచ్చిన ఆక్టావియా ఆర్‌ఎస్‌తో, పెద్ద డిక్కీ ఉన్న కుటుంబ కారు కూడా దౌడు తీస్తుందని ఇక్కడివాళ్లకు తెలిసింది. పాత ఆర్‌ఎస్‌లను ఇప్పటికీ పదిలంగా చూసుకునేవాళ్లున్నారు. 2025 అక్టోబరులో 265 హార్స్‌పవర్‌తో కొత్త ఆర్‌ఎస్ తెచ్చినప్పుడు కంపెనీ మన దేశానికి కేటాయించినవి వంద కార్లే. షోరూం ధర 49.99 లక్షలు.

ఈ నలభై ఏళ్లలో పవర్ ఎంత పెరిగిందో అందరూ చెప్పుకుంటారు. బరువు సంగతే ఎవరూ ఎత్తరు. తొలి ఎం5 బరువు సుమారు 1,430 కిలోలు. బ్యాటరీ కూడా మోసే నేటి హైబ్రిడ్ ఎం5 బరువు 2,400 కిలోల పైమాటే. దాదాపు ఒక టన్ను అదనం. అంత బరువును మలుపులో వాలకుండా పట్టాలంటే స్ప్రింగులు గట్టిపడాలి. గుంతలో లోపలివాళ్లు ఎగిరిపడకూడదంటే మెత్తబడాలి. ఈ చిక్కుముడి విప్పడానికే ఇప్పటి ఇంజినీర్ల తెలివంతా ఖర్చవుతోంది.

స్ప్రింగు ఊపుతుంది, షాక్ ఆపుతుంది

మెత్తగా ఉండే కారు సుఖంగా ఉంటుందనుకోవడం పొరపాటు. ఔటర్ రింగు రోడ్డు మీద 120 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ వంతెన చివరి ఎత్తు దాటగానే మెత్తటి కారు ఒకటికి మూడుసార్లు ఊగుతుంది. మొదటి ఊపు హాయిగానే ఉంటుంది. మూడో ఊపుకి కడుపులో తిప్పుతుంది. నెత్తిన నీళ్ల బిందెతో గట్టు దిగే మనిషిని చూడండి: కాళ్లు రాళ్ల మీద ఎక్కుతూ దిగుతూనే ఉంటాయి, బిందె మాత్రం తొణకదు. మంచి సస్పెన్షన్ చేయాల్సింది కూడా అదే. చక్రం ఎంత కదిలినా ఫరవాలేదు, బాడీ నిలకడగా ఉండాలి. ఆ నిలకడ తెచ్చేది షాక్ అబ్జార్బరు.

షాక్ లోపల ఉండేది నూనె, అందులో కదిలే పిస్టన్, పిస్టన్‌కు సన్నటి రంధ్రాలు. పిస్టన్ కదిలినప్పుడు నూనె ఆ రంధ్రాల్లోంచి దూరాలి. రంధ్రం చిన్నదైతే షాక్ గట్టిగా ఉంటుంది, పెద్దదైతే మెత్తగా. పాత కార్లలో ఫ్యాక్టరీవాళ్లు ఒక కొలత ఖాయం చేసి పంపితే జీవితాంతం అదే. అడాప్టివ్ షాక్‌లలో ఆ దారిని కంప్యూటరు క్షణక్షణం మారుస్తుంది. కంఫర్ట్ బటన్ నొక్కితే దారి తెరుచుకుంటుంది, స్పోర్ట్ నొక్కితే మూసుకుంటుంది. కంఫర్ట్‌లోనే ఉన్నా, గట్టి మలుపు తగిలితే దానంతట అదే బిగుసుకుంటుంది. ఇదే ఇప్పటి పెర్ఫార్మెన్స్ సెడాన్లకు ప్రాణం.

ఇందులో ఒక ముచ్చటైన రకం 2002లో క్యాడిలాక్ సెవిల్ కారుతో వచ్చింది. షాక్‌లోని నూనెలో సన్నటి ఇనుప రజను కలుపుతారు. పక్కనున్న కాయిల్‌లోకి కరెంటు పంపగానే అయస్కాంత క్షేత్రంలో ఆ రజను వరసలు కట్టి నూనె చిక్కబడుతుంది. కరెంటు ఆపితే మళ్లీ పలచన. మారడానికి పట్టేది సెకనులో వెయ్యో వంతుల్లో లెక్క. పేరు మ్యాగ్నరైడ్. ఆ తర్వాత వచ్చిన క్యాడిలాక్ వేగపు సెడాన్లలో చాలావాటికి ఇదే పునాది.

ఆడి దారి ఇంకోటి. 2002 నాటి ఆర్‌ఎస్6లో ముందు కుడి షాక్‌ను వెనక ఎడమ షాక్‌తో, ముందు ఎడమదాన్ని వెనక కుడిదానితో నూనె గొట్టాలతో కలిపారు. మలుపులో కారు వాలబోతే నూనె ఒత్తిడే అడ్డుపడుతుంది. కంప్యూటరు జోక్యమే అక్కర్లేదు. మెర్సిడెస్ ఏఎంజీ ఈ63 ఎస్ లాంటివి గాలి తిత్తుల్ని నమ్ముకున్నాయి. ఒక్కో తిత్తిలో వేర్వేరు గదులుంటాయి. అన్నీ తెరిస్తే స్ప్రింగు మెత్తన, కొన్ని మూస్తే గట్టిదనం. అంటే షాక్‌తోపాటు స్ప్రింగు కూడా మనసు మార్చుకుంటుంది. పైగా ఎత్తుపల్లాలున్న చోట కారును కాస్త పైకి లేపుకోవచ్చు.

వీటన్నిటినీ మించిన కల ఒకటుంది. గుంత వచ్చినప్పుడు చక్రాన్ని మోటారే ఎత్తి, మోటారే దించితే? ఫార్ములా వన్‌లో లోటస్ ఈ యాక్టివ్ సస్పెన్షన్‌తో 1987లో ఐర్టన్ సెన్నాను మొనాకోలో గెలిపించింది. 1992లో విలియమ్స్ కారు దీని అండతో మిగతావాళ్లను దరిదాపుల్లోకి రానివ్వలేదు. 1994 నుంచి పోటీల్లో దీన్ని నిషేధించారు. మామూలు కార్ల కోసం ఈ కల కన్నవాడు స్పీకర్లతో పేరు తెచ్చుకున్న అమర్ బోస్. బెంగాల్ నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన స్వాతంత్ర్య పోరాట యోధుడి కొడుకాయన, ఎంఐటీ ప్రొఫెసర్. 1980లో మొదలుపెట్టిన పరిశోధన 2004లో లోకానికి కనబడింది. నాలుగు చక్రాలకూ విద్యుత్ మోటార్లు బిగించిన లెక్సస్ సెడాన్ వరస స్పీడ్ బ్రేకర్ల మీద నుంచి బాడీ కదలకుండా వెళ్లిపోయింది. ఆ వీడియో చూసి కార్ల ప్రపంచం అవాక్కయింది. బరువూ ఖరీదూ ఎక్కువై అది మార్కెట్లోకి రాలేదు. కానీ ఆ ఆలోచన చావలేదు. బోస్ నుంచి ఆ సాంకేతికతను కొన్న క్లియర్‌మోషన్ అనే కంపెనీ చేసిన వ్యవస్థ చైనా కంపెనీ నియో వారి ఈటీ9 కారులోకి వచ్చింది. పోర్షే కూడా 2023 చివర్లో చూపించిన కొత్త పానమెరా హైబ్రిడ్‌లకు ఇలాంటిదే ఆప్షన్‌గా ఇచ్చింది. బ్రేకు వేసినా ముక్కు వంగదు, మలుపులో బయటికి వాలదు. తలుపు తీస్తే ఎక్కడానికి వీలుగా కారే కాస్త లేచి నిలబడుతుంది.

టైరే తొలి స్ప్రింగు

ఇంత ఖర్చుపెట్టి చేసిన సస్పెన్షన్‌ను చెడగొట్టడానికి ఒక్క ఆప్షన్ చాలు: పెద్ద అలాయ్ వీల్స్. రోడ్డును మొదట తాకేది టైరే. చిన్న రాయి, మ్యాన్‌హోల్ మూత అంచు, రోడ్డు గరుకుదనం లాంటివి షాక్ దాకా రాకముందే టైరు మింగేయాలి.

టైరు పక్కన రాసి ఉండే అంకెల్ని చూడండి. 205/55 ఆర్16 అంటే వెడల్పు 205 మిల్లీమీటర్లు, అందులో 55 శాతం సైడ్‌వాల్ ఎత్తు, అంటే 113 మిల్లీమీటర్లు. దాని బదులు 225/40 ఆర్18 వేస్తే సైడ్‌వాల్ 90 మిల్లీమీటర్లే. రెండు చక్రాల మొత్తం ఎత్తు దాదాపు ఒక్కటే. తగ్గిందల్లా గాలి ఉండే చోటు, పెరిగింది రిమ్ము. ఆ 23 మిల్లీమీటర్ల రబ్బరు పోతే ఏమవుతుందో పదునైన అంచున్న గుంత చెబుతుంది: ముందు నడుముకి దెబ్బ, ఆపైన సైడ్‌వాల్ మీద బుడగ, ఇంకా గట్టిగా పడితే రిమ్ము వంకర.

పెద్ద చక్రంతో ఇంకో తంటా బరువు. స్ప్రింగుకు కింద వేలాడే బరువు, అంటే చక్రం, బ్రేకు డిస్కు, హబ్బు ఎంత ఎక్కువైతే అవి గుంతలో పడినప్పుడు అంత మొరటుగా ఎగురుతాయి, షాక్‌కు అదుపు చిక్కదు. ఫోర్జ్‌డ్ అలాయ్‌లు, కార్బన్ సిరామిక్ బ్రేకుల ఖరీదులో రేసు మోజు కొంతైతే, బరువు తగ్గించి ఇచ్చే సుఖం కొంత.

పంక్చరైనా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్ల సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. గాలి పోయినా బండి బరువు మోయాలి కాబట్టి వాటి సైడ్‌వాల్ గట్టిగా ఉంటుంది. ఆ గట్టిదనం గాలి ఉన్నప్పుడూ తెలుస్తుంది. ఇక గాలి విషయానికొస్తే, డ్రైవర్ తలుపు పక్కన అతికించిన పట్టికలో కంపెనీ ఇచ్చిన అంకె ఉంటుంది. పెట్రోల్ బంకులో కుర్రాడు అలవాటు కొద్దీ అన్ని కార్లకూ ఒకే లెక్క కొట్టేస్తుంటాడు. ఎక్కువైతే కుదుపు, తక్కువైతే రిమ్ముకు ముప్పు. నెలకోసారి పొద్దున టైరు చల్లగా ఉన్నప్పుడు చూపించుకుంటే పైసా ఖర్చు లేకుండా సుఖం పెరుగుతుంది.

స్పీడ్ బ్రేకర్ దగ్గర అసలు పరీక్ష

మన రోడ్ల మీద ఈ కార్లకు గుంతల కంటే పెద్ద శత్రువు స్పీడ్ బ్రేకర్. దానికి మన దేశంలో ఒక కొలత ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సూచించిన గుండ్రటి హంప్ వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు, 17 మీటర్ల వ్యాసార్ధంతో గీసిన విల్లు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటడానికి తగ్గట్టు చేసిన డిజైన్ అది.

మూడు మీటర్ల వీల్‌బేస్ ఉన్న సెడాన్ దాని మీదికి ఎక్కిందనుకుందాం. కారు సరిగ్గా మధ్యలో ఉన్నప్పుడు ముందు చక్రాలూ వెనక చక్రాలూ కూడా ఇంకా హంప్ మీదే ఉంటాయి. అక్కడ హంప్ ఎత్తు మూడున్నర సెంటీమీటర్ల వరకు ఉంటుంది. అంటే కారు పొట్ట కింద కావలసింది ఆరున్నర సెంటీమీటర్ల పైచిలుకే. ఈ కార్ల గ్రౌండ్ క్లియరెన్స్ సాధారణంగా 12 నుంచి 15 సెంటీమీటర్లు. హాయిగా దాటిపోవాలి.

మరి పొట్ట ఎందుకు గీసుకుంటోంది? కాలనీవాళ్లు రాత్రికి రాత్రి పోసుకున్న సిమెంటు గట్టు రెండడుగుల వెడల్పు కూడా ఉండదు, ఎత్తు మాత్రం జానెడుకు తక్కువుండదు. చక్రాలు రెండూ కిందికి దిగిపోయాక గట్టు పూర్తి ఎత్తు పొట్ట కిందికి వస్తుంది. పదిహేను సెంటీమీటర్ల గట్టు అయినా చాలు, చాలా సెడాన్లకు కథ అక్కడే ముగుస్తుంది. నలుగురు ఎక్కి, డిక్కీలో సూట్‌కేసులుంటే ఉన్న క్లియరెన్సూ తగ్గుతుంది. తప్పు కారుది కాదు, కొలత తప్పిన గట్టుది. అయినా బంపర్ డబ్బులు కట్టేది కారు యజమానే. అందుకే కారును పైకి లేపే ఎయిర్ సస్పెన్షన్ మన నగరాల్లో విలాసం కంటే అవసరం కింద లెక్క.

ఇంత తెలిసీ కొందరు స్ప్రింగులు కోయించి కారును ఇంకా కిందికి దించుతారు. చూడ్డానికి బాగుంటుంది. కానీ చక్రం పైకి వెళ్లడానికి ఉన్న చోటు తగ్గి, చిన్న గుంతకే సస్పెన్షన్ చివరి రబ్బరు దిమ్మకు కొట్టుకుంటుంది. ఆ దెబ్బ నేరుగా వెన్నుకే. తయారీదారు నిర్దేశించిన తీరుకు భిన్నంగా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కూడా కుదరదు.

బ్యాటరీ వచ్చాక...

విద్యుత్ కార్లు ఈ కథను ఇంకో మలుపు తిప్పాయి. 2024 మార్చిలో మన దేశంలో విడుదలైన బీవైడీ సీల్ పెర్ఫార్మెన్స్ 530 హార్స్‌పవర్‌తో 3.8 సెకన్లలో వంద అందుకుంటుంది. విడుదలైనప్పుడు ధర 53 లక్షలు. పదేళ్ల కిందట ఈ వేగానికి కోటి దాటాల్సి వచ్చేది. పికప్ చవకైపోయింది. చవక కానిది ప్రయాణంలో నాణ్యత.

బ్యాటరీ నేలబారుగా ఉంటుంది కాబట్టి కారు మలుపులో తక్కువ వాలుతుంది. ఇది సుఖానికి కలిసొచ్చే గుణం. వాలు తక్కువైతే కుడి ఎడమ చక్రాల్ని కలిపే యాంటీ రోల్ బార్‌ను మెత్తగా పెట్టుకోవచ్చు. ఆ బార్ గట్టిగా ఉంటే ఒక పక్క చక్రం గుంతలో పడినప్పుడు రెండో పక్క కూడా కదిలి లోపలివాళ్ల తలలు అటూ ఇటూ ఊగుతాయి. మరోవైపు బ్యాటరీ బరువు వందల కిలోలు. దాన్ని మోయడానికి స్ప్రింగులు, టైర్లు గట్టిపడతాయి. ఇంజిన్ శబ్దం లేకపోవడంతో ఇదివరకు వినబడని టైరు హోరు, బుష్‌ల చప్పుడు ఇప్పుడు చెవికి తెలుస్తాయి. కాబట్టి విద్యుత్ సెడాన్ కొనేవాళ్లు రేంజ్ ఎంత అని అడిగినంత గట్టిగా షాక్‌లు ఏ రకం అని కూడా అడగాలి.

సస్పెన్షన్ సరిచేయలేనిది ఒకటుంది

పిల్లలకు కారులో వాంతులొస్తే రోడ్డునో స్ప్రింగునో తిడతాం. కడుపులో తిప్పేది ప్రధానంగా అర హెర్ట్జ్‌కు లోపు ఊపు, అంటే రెండు సెకన్లకో అంతకంటే ఎక్కువ సేపటికో ఒకసారి వచ్చే నెమ్మది కదలిక. కారులో అది ఎక్కువగా పుట్టేది డ్రైవరు కాలి నుంచి: యాక్సిలరేటర్ తొక్కడం, బ్రేకు నొక్కడం, మళ్లీ తొక్కడం. 700 హార్స్‌పవర్ చేతిలో ఉన్నప్పుడు ఈ జబ్బు పదింతలవుతుంది. కారు ఎంత బలమైనదైతే కాలు అంత మెత్తగా ఉండాలి. ఈ కార్లలో కంఫర్ట్ మోడ్ పెట్టినప్పుడు యాక్సిలరేటర్ స్పందన కూడా నెమ్మదించేలా కంపెనీలు చేసేది అందుకే. శ్రీశైలం ఘాట్‌లోనో అరకు ఘాట్‌లోనో స్పోర్ట్ మోడ్ సరదా డ్రైవరుకొక్కడికే. వెనకవాళ్లకు ప్రతి మలుపూ గండమే.

టెస్ట్ డ్రైవ్‌లో ఇవి చూడండి

* డ్రైవింగ్ కంటే ముందు వెనక సీట్లో కూర్చుని తిరగండి. వెనక సీటు ఇరుసుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి కుదుపు అక్కడే ముందు తెలుస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లను కూడా వెంట తీసుకెళ్లండి.

* షోరూమువాళ్లు చూపించే నున్నటి రోడ్డు వద్దనండి. మీ కాలనీ, మీ ఆఫీసు దారి, మీ ఇంటి సెల్లార్ ర్యాంపు అయితేనే లెక్క. ర్యాంపు దగ్గర ముందు బంపర్ తగులుతుందేమో దిగి చూడండి.

* పాతిక, ముప్పై కిలోమీటర్ల వేగంతో పాడైన రోడ్డు మీద, ఎనభై, వంద దగ్గర హైవే మీద, రెండు చోట్లా నడపండి. తక్కువ వేగంలో కుదిపి, ఎక్కువ వేగంలో నిలకడగా ఉండే కార్లున్నాయి. అందుకు తలకిందులుగా ఉండేవీ ఉన్నాయి. మీ రోజులో ఏది ఎక్కువో దాన్నిబట్టి తేల్చుకోండి.

* కంఫర్ట్ నుంచి స్పోర్ట్‌కు మార్చి అదే గుంత మీద మళ్లీ వెళ్లండి. తేడా తెలియకపోతే అడాప్టివ్ షాక్‌లకు పెట్టే డబ్బు దండగ.

* టెస్ట్ కారుకున్న చక్రాల సైజు, మీరు బుక్ చేసే వేరియంట్ చక్రాల సైజు ఒకటేనా అని అడగండి. ఒక అంగుళం తేడా కూడా వెనక సీట్లో తెలిసిపోతుంది.

* సెకండ్ హ్యాండ్ అయితే షాక్‌ల నూనె కారుతోందా, గాలి తిత్తులు రాత్రికి కుంగిపోతున్నాయా, రిమ్ములు వంకరపోయాయా అని మెకానిక్‌తో లిఫ్ట్ మీద చూపించుకోండి. అడాప్టివ్ షాక్‌లు, ఎయిర్ సస్పెన్షన్ విడిభాగాల ధర ముందే కనుక్కోండి. కారు ధర తగ్గినంత మాత్రాన అవి తగ్గవు.

చివరగా...

పెర్ఫార్మెన్స్ సెడాన్ రోజువారీ వాడకానికి పనికొస్తుందా అని అడిగితే, పనికొస్తుంది. అయితే ఏ కారు అన్నదానికంటే ఏ వేరియంట్ అన్నదే ముఖ్యం. అడాప్టివ్ షాక్‌లు గానీ ఎయిర్ సస్పెన్షన్ గానీ ఉన్నది, చక్రాలు కంపెనీ ఇచ్చేవాటిలో చిన్నవి, సీటు మెత్తనిది తీసుకుంటే ఔటర్ మీదా కాలనీ గల్లీలోనూ ఒకే కారు సరిపోతుంది. ఫొటోల్లో బాగుంటాయని పెద్ద అలాయ్‌లు, రేసు సీట్లు, గట్టి స్ప్రింగులు టిక్కు పెట్టుకుంటే కోటిన్నర పోసి కుదుపులు కొనుక్కున్నట్టే. 158 కిలోమీటర్ల ఔటర్ మీద కూడా వేగ పరిమితి 120. ఆ 120 దాకా ఎంత త్వరగా చేరామన్నది నెల తిరిగేసరికి పాతబడుతుంది. రోజూ గంటసేపు సీట్లో ఎలా కూర్చున్నామన్నది కారు అమ్మేదాకా మనతోనే ఉంటుంది. అందుకే బుకింగ్ డబ్బులు కట్టేముందు వెనక సీట్లోవాళ్ల మాట ఒక్కసారి వినండి.